పెసహానాటి పడవ

తీక్కోయి
1987 మార్చి 5

కుంజేలీ,

ఏసుకి స్తుతి. మేమంతా కులాసా. నువ్వు ఎలాగూ అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను. మా ఆయన మత్తాయికి మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. అయినా తెల్లారేసరికి రబ్బరు చెట్ల దగ్గరికి పోకపోతే ఆయనకి తిన్నది అరగదు. మిరియాలు ఈ ఏడు బాగా కాశాయి, కోసే మనుషులే దొరకడం లేదు.

అసలు సంగతి రాస్తాను. ఈసారి ఈస్టర్ ముందు పెసహా గురువారానికి నేను నెడుంతురుత్తు వస్తున్నాను. సాయంత్రం పడవకి దిగి, ఈస్టర్ మర్నాడు వెళ్ళిపోతాను. నన్ను కన్న అమ్మచ్చిని చూసి చాలా కాలమైంది. ఈ కొండ మీద నుంచి ఆ నీళ్ళలోకి రావడం ఎంత ప్రయాసో నీకు తెలియదు, నువ్వు ఎప్పుడైనా ఎక్కి వస్తే కదా. నేను పుట్టిన ఇంటికి రావడానికి నిన్ను అడగక్కర్లేదు. చాప ఒకటి ఎండలో వేసి ఉంచమని చెబుతున్నాను, అంతే.

ఇంకో మాట కడుపులో దాచుకోలేకపోతున్నాను. పోయిన పెసహాకి మీ ఇంట్లో అప్పం వండారట. మీ వైపు నుంచి ఎండుచేపలు తెచ్చే మనిషి మా గడపలో నిలబడి చెప్పాడు. నాకు తల తీసేసినట్టయింది. చావు జరిగిన ఏడు ఆ ఇంట్లో పెసహా అప్పం వండరు, అయినవాళ్ళు వండి తెచ్చి పెడతారు. ఇది కూడా నేనే నేర్పాలా? అంతకుముందు కర్కాటకం నెల వానల్లో పొలం గట్టు తెగి నా తమ్ముడు ఔత నీళ్ళలో కలిసిపోయాడు. ఏడాది తిరగకుండానే నువ్వు పిండి రుబ్బి, అప్పం ఆవిరి మీద పెట్టి, మట్టల ఆదివారం తెచ్చిన కొబ్బరాకుతో దాని మీద సిలువ కూడా వేశావట. ఏ చేతులతో వేశావు?

ఔత పేరున చర్చిలో ఒక్క కుర్బాన పూజ చెప్పించలేదు. సమాధి రాతి మీద వాడి పేరు లేదు. పైకి పోయిన ప్రాణానికి మన ప్రార్థన తప్ప ఇంకేం ఆసరా ఉంటుంది? వచ్చాక ఇవన్నీ మాట్లాడుకుందాం. అమ్మచ్చికి నా ముద్దులు.

ఔత అక్క
అన్నక్కుట్టి


నెడుంతురుత్తు
మార్చి 14

అన్నక్కుట్టి చేచికి,

ఏసుకి స్తుతి. ఉత్తరం అందింది. మత్తాయి అచ్చాయన్ మోకాళ్ళకి ఆముదం కాచి రాయమని చెప్పండి. అమ్మచ్చికి కళ్ళు పూర్తిగా పోయాయి కానీ చెవులు మాత్రం నా కన్నా గట్టివి. కాలువలో ఏ పడవ వచ్చినా తెడ్డు చప్పుడు విని ఎవరిదో చెప్పేస్తుంది. రోజంతా వరండాలో కూర్చుని ఆమెకి అదే పని.

ఆయన చనిపోయాడని రాశారు. మీరు చూశారా? గట్టు మీద ఆయనతో పాటు మట్టి వేస్తున్నవాళ్ళే చూడలేదు. పెద్ద చప్పుడు విన్నామనీ, వానలో ఏమీ కనబడలేదనీ వాళ్ళే అన్నారు. ఆయన పడవ సరస్సులో బోర్లాపడి దొరికింది, నిజమే. మనిషి దొరికాడా? క్రిస్మస్ ముందు చంపక్కుళం ఆవిడ ఒకరు వేళాంకణ్ణి మాత యాత్రకి వెళ్ళి వచ్చి, అక్కడ అచ్చం ఆయనలాంటి మనిషిని చూశానంది. దెబ్బ తగిలి ఊరూ పేరూ మరిచిపోయి తిరిగేవాళ్ళు లోకంలో లేరా? ఆయన వచ్చి ఈ ఇంట్లో కాలు పెట్టేదాకా పెసహాకి మా పొయ్యి వెలుగుతుంది. అమ్మచ్చి అప్పం కోస్తుంది. ఆయన ముక్క ఆయనకి తీసి పెడతాను. మీకు కడుపు మండితే చల్లటి మజ్జిగ తాగండి.

రావద్దని నేనెందుకు అంటాను, మీ పుట్టిల్లు. కానీ చేతులూపుకుంటూ రండి. మా ఇంట్లో అన్నీ ఉన్నాయి, ఏమీ తేవక్కర్లేదు. అమ్మచ్చి మాత్రం నా చేతి అప్పం పెంకులా ఉంటుందనీ, మీ చేతి వట్టయప్పం వెన్నలా ఉండేదనీ పొద్దస్తమానం దెప్పుతూనే ఉంటుంది. పళ్ళు లేని నోటికి ఎవరు వండితే మెత్తగా ఉంటుందో నాకు తెలియదు.

చాప ఎండలోనే ఉంది.

ఔత భార్య
కుంజేలి


తీక్కోయి
మార్చి 25

కుంజేలీ,

చేతులూపుకుంటూ రమ్మన్నావు. అంటే నేను పుట్టింటికి ఏనాడూ ఏమీ పట్టుకురాలేదని ఎత్తిపొడుపా? చేపల కూరలోకి నువ్వు వేసే పులుపు దగ్గర నుంచి మీ వంటింట్లో మిరియపు గింజ దాకా ఏ కొండ మీద నుంచి వచ్చాయి? ఈసారి బుట్టలు నింపి తెస్తాను. చూడలేకపోతే నువ్వు కళ్ళు మూసుకో.

వేళాంకణ్ణి మాట రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? అంటే నా తమ్ముడు ఇల్లు వదిలి పారిపోయాడంటావు. గట్టు తెగుతుంటే అందరి కన్నా ముందు నీళ్ళలోకి దూకే మనిషి వాడు. నిన్ను విధవ అనకూడదని వాడిని పిచ్చివాడిని చేస్తావా? ఇక్కడ ఈ మాట ఎవరి చెవినా పడకుండా నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

గురువారం వస్తున్నాను.

అన్నక్కుట్టి


నెడుంతురుత్తు
ఏప్రిల్ 24

చేచీ,

మీకు కులాసా కబుర్లు రాసే ఓపిక నాకు లేదు. మీరు ఉన్న నాలుగు రోజులూ అమ్మచ్చి ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను.

మన ఇంటికి రెండు రేవులున్నాయి. వెనక వంటింటి వైపు ఒకటి, ముందు పెద్ద కాలువ మీద ఒకటి. ఈ ఇంట్లో పుట్టిన మనిషికి ఇది నేను చెప్పాలా? గట్టంతా జనం చర్చికి పోవడానికి తయారై నిలబడ్డ వేళ మీరు ముందు రేవులో పడవ కట్టించారు. తెల్లబట్టలు కట్టుకుని, తెల్లగుడ్డ కప్పిన గిన్నె నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా మెట్లెక్కారు. పెసహా రోజు, మొగుడి అక్క, తెల్లగుడ్డ కప్పిన అప్పం గిన్నె. ఇంట్లో చావు ఒప్పుకున్నామని కాక చూసినవాళ్ళు ఇంకేం అనుకుంటారు?

అందులో ఉన్నది వట్టయప్పమేనని మీరు తర్వాత పదిసార్లు చెప్పారు. గుడ్డ కింద ఏముందో గట్టు మీద నిలబడ్డవాళ్ళకి కనబడుతుందా? పక్కింటి శోశామ్మ తన అప్పం అప్పుడే ఆవిరి మీద నుంచి దింపిందట. అది అలాగే పట్టుకుని మొదట ఆమె వచ్చింది. వెనకే మిగతావాళ్ళు. ఒక పడవ కదలకముందే ఇంకొకటి. అప్పాలు, బెల్లం వేసిన కొబ్బరిపాలు వరండా అంతా నిండిపోయాయి. గుమ్మంలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. నా అప్పం ఇంకా పొయ్యి మీద ఉడుకుతూనే ఉంది.

ఇన్ని పడవలు ఎందుకు ఆగుతున్నాయని అమ్మచ్చి అడిగింది. తెడ్డు చప్పుళ్ళు విని ఒక్కొక్కరి పేరూ తనే చెప్పింది. తర్వాత వాసన తగిలింది. తన ఒళ్ళో ఎవరో పెట్టిన వేడి గిన్నెని చేత్తో తడిమి చూసింది. మీద కొబ్బరాకు సిలువ తగిలింది. అప్పుడు నన్ను పిలిచింది.

"కుంజేలీ, వాడు ఎక్కడ దొరికాడే?"

నేనేం చెప్పను? మీరు స్తంభం పట్టుకుని నిలబడే ఉన్నారుగా, మీరేం చెప్పారు? ఉత్తరాల్లో అంత నోరున్న మనిషికి ఆ ఒక్క పూట నోరు పడిపోయింది. దొరకలేదమ్మచ్చీ, ఎవరో పొరబడ్డారని చెప్పడానికి నాకే ఎంతసేపు పట్టిందో మీరు చూశారు. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడం లేదు. శవాన్ని తనకి తెలియకుండా పాతేశామని అనుకుంటోంది.

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి నా అప్పం మాడిపోయింది. ఆయన ముక్క తీసి పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఊళ్ళోవాళ్ళు తెచ్చింది నేను ముట్టుకోలేదు, బాతులకి వేశాను. పాపం తగిలితే తగలనీ.

రెండేళ్ళుగా గుండె రాయి చేసుకుని నిలబెట్టుకున్న ఇంటిని మీరు ఒక్క గిన్నెతో కూల్చారు. ఇకమీదట అమ్మచ్చిని చూడాలనిపిస్తే కబురు పెట్టండి, జెట్టీ దాకా నేనే తీసుకొచ్చి చూపిస్తాను. ఈ మెట్లు మాత్రం ఎక్కకండి.

ఔత భార్య
కుంజేలి


తీక్కోయి
మే 8

కుంజేలీ,

నిందలు వేయడంలో నిన్ను మించినవాళ్ళు ఆ నీళ్ళలో లేరు, ఈ కొండ మీదా లేరు.

వట్టయప్పం ఏ రోజైనా వండుకుని తినేది. పులియబెట్టకుండా వండే పెసహా అప్పంతో దానికి ఏం సంబంధం? అమ్మచ్చి నా చేతి వట్టయప్పం కోసం తపిస్తోందని రాసింది నువ్వు. ముందురోజు కూర్చుని బియ్యం దంచి, కల్లు పోసి పులియబెట్టి, మూడు బస్సులు మారి గిన్నె ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. గుడ్డ కప్పకుండా ఈగలు ముసరనివ్వాలా? నల్లగుడ్డ కప్పాల్సిందా? ముందు రేవులో ఎందుకు కట్టించానని అడుగుతున్నావు. వెనక రేవు గుర్రపుడెక్కతో పూడుకుపోయి ఉంది, అందులో పడవ కాదు కదా బాతు కూడా దూరదు. అది శుభ్రం చేయించుకోలేని దానివి నన్ను అంటావా?

ఇంకో సంగతి ఆలోచించావా? నా గిన్నె చూడగానే ఊరు ఊరంతా అప్పాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చిందంటే, వాళ్ళంతా రెండేళ్ళుగా తేవాలని కాచుకుని కూర్చున్నారన్నమాట. నీకు భయపడి ఆగారు. నాది ఒక వంక, అంతే.

నేను నోరు మెదపలేదన్నావు. నిజమే. అమ్మచ్చి అలా అడుగుతుందని నాకు తెలియదు. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది, నువ్వు గుర్తు చేయక్కర్లేదు. నువ్వు మాడిన గిన్నె దగ్గరికి పరిగెత్తినప్పుడు అమ్మచ్చి నా చెంగు పట్టుకుని దగ్గరికి లాగింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నువ్వు నన్ను గడప తొక్కొద్దన్నావు కాబట్టి నేనూ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. ఆమె అన్న మాట ఇది.

"వాడు లేడని నాకు ఆ రోజే తెలుసు. అది వాడికి ముక్క తీసి పెడుతుంటే వద్దని ఎలా చెప్పనే?"

ఇప్పుడు చెప్పు, ఎవరిని చూసి ఎవరు నటిస్తున్నారు ఆ ఇంట్లో?

అన్నక్కుట్టి


తీక్కోయి
జూలై 22

కుంజేలీ,

నువ్వు జవాబు రాయవని తెలుసు. అయినా తెలియజేయడం నా ధర్మం. నిన్న మా చర్చిలో ఔత పేరున కుర్బాన చెప్పించాను. పూజ చేసే అచ్చన్ వాడి పేరు చదివాడు. చనిపోయినవాళ్ళ పేర్లలో వాడి పేరు వింటూ మత్తాయి చెయ్యి పట్టుకున్నాను. తర్వాత వచ్చినవాళ్ళకి గంజి, పెసలు పెట్టాం. అమ్మచ్చికి చెప్పు.

అన్నక్కుట్టి


నెడుంతురుత్తు
ఆగస్టు 3

చేచీ,

నా మొగుడి పేరు ఎక్కడ చదవాలో చెప్పడానికి మీరెవరు? ఆయన చిన్నప్పుడు మీరు ఎత్తుకుని ఉండొచ్చు. ఆయన చొక్కా మీద చెమట వాసన ఇప్పటికీ పెట్టెలో దాచుకున్నది నేను. అమ్మచ్చికి చెప్పను. ఇకమీదట మీ ఉత్తరాలు విప్పను.

ఔత భార్య
కుంజేలి


తీక్కోయి
నవంబరు 4

కుంజేలీ,

ఇది విప్పుతావో లేదో. ఎండుచేపల మనిషి మళ్ళీ వచ్చాడు. రైతులంతా కలిసి తెగిన గట్టు కట్టారనీ, మోటార్లు పెట్టి పొలంలో నీళ్ళు తోడుతున్నారనీ చెప్పాడు. వాడు చేపలు తూస్తూ మామూలుగా చెప్పాడు. నేను తక్కెడ చూడలేకపోయాను.

గట్టు తెగిన రోజు నుంచీ రెండేళ్ళకి పైగా నీళ్ళ కింద ఉన్న నేల అది. అడుగు బయటపడుతుంటే నువ్వొక్కదానివే గట్టు మీద నిలబడి చూస్తావా? పక్కన ఒక మనిషి ఉండొద్దా? నువ్వంటే నాకు ప్రేమేమీ పొంగిపోవడం లేదు. కానీ అక్కడ ఏదైనా కనబడితే నువ్వు ఒంటరిగా చూడకూడదు. ఒక్క ముక్క రాయి, మర్నాడే బయల్దేరతాను. గిన్నె తీసుకురాను.

అన్నక్కుట్టి


నెడుంతురుత్తు
నవంబరు 12

రావద్దు.

కుంజేలి


నెడుంతురుత్తు
1988 మార్చి 16

అన్నక్కుట్టి చేచికి,

ఏసుకి స్తుతి. అమ్మచ్చి బాగానే ఉంది. చలికాలంలో దగ్గు పట్టుకుంది కానీ తగ్గింది. మత్తాయి అచ్చాయన్ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆముదం రాస్తున్నారా?

ఈ ఉత్తరం నవంబరులోనే రాయాల్సింది. కూర్చుంటే చెయ్యి కదల్లేదు. ఇప్పుడు కోతలు నడుస్తున్నాయి, ఇల్లంతా మనుషులు. ఎవరూ నా ముఖం చూడనప్పుడు రాస్తున్నాను.

మోటార్లు నడిచిన రోజులన్నీ నేను గట్టు మీదే ఉన్నాను. నీళ్ళు దిగుతున్న కొద్దీ ఒక్కో పక్క నుంచీ బురద తేలింది. గట్టు తెగిన చోట మగవాళ్ళు పార పెట్టడానికి భయపడ్డారు. నేను చీర ఎగదోపుకుని దిగాక వాళ్ళూ దిగారు. అంతా తవ్వారు. పాత గట్టు గుంజలు, ఎవరివో కుండలు, పాములు, చేపలు. ఆయనది ఏమీ లేదు. ఎముక లేదు, చొక్కా బొత్తాం లేదు. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషపడ్డానో చెబితే నవ్వుతారు. చూశారా, ఆయన ఇక్కడ లేడు, బతికే ఉన్నాడని మీ ముఖాన కొట్టినట్టు ఉత్తరం రాయాలని కాగితం కూడా తీశాను.

తర్వాత విత్తనాల రోజు వచ్చింది. మన పొలంలో మొదటి గుప్పెడు ఆయన తప్ప ఎవరూ చల్లలేదు, మీకూ తెలుసు. మా పెళ్ళైన ఏడు జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే కూలివాళ్ళని ఆపి, బురదలో దిగి, మొదటి గుప్పెడు చల్లి వచ్చి మంచం మీద పడ్డాడు. నేను తిడితే నవ్వాడు. కాబట్టి నాకో ఆశ ఉండేది. ఊరు మరిచిపోయినా, పేరు మరిచిపోయినా, నన్ను మరిచిపోయినా, ఆ పొలం తేలిందని ఎవరి నోట విన్నా వస్తాడు. ఎక్కడున్నా ఆ రోజు వస్తాడు.

కూలివాళ్ళని ఆపాను. పొద్దున్న అంతా ఆపాను. మొలకెత్తిన విత్తనాలు ఎండకి మాడిపోతున్నాయని మేస్త్రీ గొణిగాడు, వినలేదు. కాలువలో తెడ్డు చప్పుడైనప్పుడల్లా నేను వరండా వైపు చూశాను. అమ్మచ్చి ప్రతిసారీ ఒక పేరు చెప్పింది. శోశామ్మ కొడుకు. పాలవాడు. చర్చిలో గంట కొట్టే కప్యారు. ఆయన పేరు మాత్రం చెప్పలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె తడుముకుంటూ గట్టు దాకా వచ్చి, నా చేతిలో విత్తనాల బుట్ట పెట్టింది.

"వాడు రాడు బిడ్డా. నువ్వు చల్లు."

నేనే చల్లాను. చల్లుతూ ఏడ్చాను. అందరూ చూశారు, చూడనీ.

మీరు ఒకటి రాశారు, ఎవరిని చూసి ఎవరు నటిస్తున్నారని. ఆ ముక్కకి మీ మీద నాకున్న కోపం ఇంకా పోలేదు, పోదు కూడా. ఒట్టు వేసి తప్పిన మనిషి మీరు. ఆ గిన్నె సంగతి కూడా నేను మరిచిపోలేదు. వట్టయప్పమేనని ఇప్పుడు నమ్ముతున్నాను. నమ్మినంత మాత్రాన మంట తగ్గదు.

మీ అందరికీ ఆయన ఎప్పుడో పోయాడు. నాకు ఈ ఏడే పోయాడు. కాబట్టి ఈ పెసహాకి మా ఇంట్లో పొయ్యి వెలగదు. మీరు అప్పం వండి తీసుకురండి. వట్టయప్పం కాదు, పెసహా అప్పమే. ఎండుచేపల మనిషి చేతికి బియ్యం ఇచ్చి పంపుతున్నాను, నేను చల్లిన పొలంలోవి. వాటితోనే వండండి. అమ్మచ్చి కోస్తుంది, ముక్కలు మన ముగ్గురికీ సరిపోతే చాలు.

వెనక రేవు శుభ్రం చేయించాను, ఇప్పుడు పడవలు బాగానే తిరుగుతున్నాయి. అయినా మీరు తెల్లబట్టలు కట్టుకుని, గిన్నెకి తెల్లగుడ్డ కప్పి, గట్టంతా జనం నిలబడ్డ వేళకే రండి. పడవ ముందు రేవులో కట్టించండి.

కుంజేలి